కప్పు కారని బండి

వానను గురించి రాసినవాళ్ళు మన భాషలో చాలామంది ఉన్నారు. వాన కారే కప్పును గురించి రాసినవాళ్ళు తక్కువ. కారణం తెలిసిందే. కప్పు కారే రాత్రి ఎవరూ కలం పట్టుకొని కూచోరు, గిన్నెలు పట్టుకొని తిరుగుతారు.

మా వైపు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కన, వానలు మామూలుగానే తక్కువ. అందువల్ల కప్పుల మీద మాకు ధీమా ఎక్కువ. పది నెలలు ఎండిన కప్పు చూసేవాళ్ళకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనం వచ్చి, బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టి, మూడు రోజులు ముసురు పట్టిందంటే ఆ ధీమా కాస్తా చుక్కలు చుక్కలుగా కారిపోతుంది. 2021 నవంబరు వానలను చిత్తూరు, కడప జిల్లాలవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. ఆ నెల 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. అంత నష్టం పక్కన కప్పు మాట ఎత్తడం చిన్నతనమే గాని, ఆ వారంలో మా వీధిలో పొడిగా ఉన్న మూల ఎక్కడుందా అని వెతుక్కోవలసి వచ్చింది.

నేను రాయబోయేది ఇంటి కప్పును గురించి కూడా కాదు. చక్రాల మీద తిరిగే కప్పును గురించి. బండి కప్పు అతుకుల్లో ఏ సీలెంటు పూయాలి అన్నదే ఈ వ్యాస విషయం. ఇంత చిన్న సంగతికి కాలేజి సంచికలో ఇన్ని పేజీలా అని మిత్రులు అడగవచ్చు. ఆ చిన్న సంగతి మీదనే మా ఇంట్లో ఒక అప్పు, ఒక పేరు, ఒక బతుకుదెరువు ఆధారపడి ఉండినాయి కాబట్టి రాస్తున్నాను.

చక్రాల మీద ఇల్లు మనకు కొత్త కాదు. వెదురుబద్దలు వంచి, పైన చాప పరిచిన గూడుబండిలో మన పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళకూ, తిరునాళ్ళకూ పోయినారు. రాత్రయితే చింతచెట్టు కింద బండి విడిచి, అందులోనే నిద్రపోయినారు. 1982లో ఎన్.టి. రామారావు గారు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, దానికి చైతన్యరథమని పేరు పెట్టి, అందులోనే తిని, అందులోనే పడుకొని రాష్ట్రమంతా తిరిగిన సంగతి అందరికీ తెలుసు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు సెలవులొస్తే ఆర్.వి. అనే ఇంటిబండిని అద్దెకు తీసుకొని పిల్లాజెల్లాతో బయలుదేరతారు. పక్కనున్న కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ల కోసం ప్రత్యేకంగా ఒక పర్యాటక విధానమే ప్రకటించింది. మా సీమలో వీటికి సాటి వచ్చేది యాత్ర బండి. కాణిపాకం, తిరుమల, మేల్మరువత్తూరు, పళని, శబరిమల అని బోర్డు పెట్టుకొని తిరిగే చిన్న బస్సన్న మాట. ముందు సీట్లు, వెనక రెండు పడకలు, ఆ వెనక వంటసామాను అర, నెత్తిన కారియర్, వెనక నిచ్చెన. ఊరి జనం నాలుగు రోజులు అందులోనే కాపురం ఉంటారు.

మా అన్న అటువంటి బండి ఒకటి సెకండుహాండులో కొన్నాడు. పుంగనూరులో మాకున్న కొద్దిపాటి చేను అమ్మిన డబ్బు కొంత, ఫైనాన్సు కొంత. ఇనుప చట్రం మీద అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించిన బాడీ. ఇంజను మంచిది. లోపల ప్లైవుడ్డు, దాని మీద రంగురంగుల రెక్సిను. వేసవిలో కొన్నాడు గనుక కప్పు సంగతి ఎవరికీ తెలియలేదు. ఎండలో ఏ కప్పయినా మంచిదే.

2022 డిసెంబరు 9వ తేదీ సాయంకాలం పుంగనూరు నుంచి ఇరవైమంది అయ్యప్ప స్వాములతో బండి బయలుదేరింది. సెలవులకు వచ్చి ఉన్నానని అన్నకు తోడు నేనూ ఎక్కినాను. అది మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటిన రాత్రి. పలమనేరు దాటేసరికి వాన పట్టుకుంది. వి.కోట దగ్గర కప్పు నడిమధ్య లైటు చుట్టూ తడి కనిపించింది. శాంతిపురం దాటేటప్పటికి ఆ లైటులోంచి ధార కట్టింది. చిటచిటమని చప్పుడు, ఒక కాలిన వాసన. అన్న బండి పక్కకు ఆపి, పరుగున దిగి బ్యాటరీ వైరు పీకేసినాడు. చీకట్లో ఇరవైమందిమి ఇరుముడులు ఒళ్ళో పెట్టుకొని కూచున్నాము.

వాళ్ళలో డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దస్వామి ఒకాయన ఉండినాడు. అది ఆయనకు పద్దెనిమిదో ఏడు. ఆ ఏడు కొండకు కొబ్బరిమొక్క ఎత్తుకొని పోవడం ఆనవాయితీ. మొక్కను కాళ్ళ మధ్య పెట్టుకొని, ఇరుముడి మీదికి వంగి, తువ్వాలు కప్పి, వీపు మీద నీళ్ళు కారుతుంటే కదలకుండా కూచున్నాడు. కుప్పంలో ఒక పెట్రోలు బంకు రేకుల కిందికి బండి చేరేదాకా ఆయన ఒక్క మాట అనలేదు. గురుస్వామి మాత్రం మా అన్న మొహం చూసి, “పోనీలే స్వామీ, అయ్యప్ప అభిషేకం ఈడనుంచే మొదులుపెట్టినాడు” అన్నాడు. అందరూ నవ్వినారు. అన్నకు నవ్వు రాలేదు.

కుప్పంలో ఒక పెద్ద పట్టా కొని కప్పు మీద కప్పి, తాళ్ళు బిగించి, యాత్ర ఎట్లనో పూర్తి చేసినాము. తిరిగొచ్చినాక ఎవరూ అడక్కుండానే అన్న తలా కొంత డబ్బు వెనక్కి ఇచ్చినాడు. ఆ నెల కంతు కట్టడానికి వదిన గాజులు మదనపల్లెకు పోయినాయి. సంక్రాంతి దాకా పట్టాతోనే బండి తిరిగింది. “పట్టా బండి” అని ఊళ్ళో పేరు కూడా పడింది. యాత్రల వ్యాపారంలో అటువంటి పేరు అప్పుకంటే చెడ్డది.

పండగ కాగానే విచారణ మొదలయింది. మదనపల్లె హార్డువేరు షాపాయన, “తారు కాంచి పోసెయ్యప్పా, తరాలు పోతాది” అన్నాడు. టమోటా లారీలవాళ్ళను అడిగితే వాళ్ళకు ఈ బాధే లేదు. టమోటాకు గాలి ఆడాలి, కాబట్టి కప్పే ఉండదు, పైన పట్టా కట్టుకుంటారు. పుంగనూరు మెకానిక్కు, “ఎమ్‌సీల్ పిసికి పెట్టన్నా, రాయి మాదిరి అయిపోతాది” అన్నాడు. ఇంకొకాయన అద్దాలు బిగించే సిలికాను గొట్టం తెచ్చి చేతిలోనే పెట్టినాడు. చివరికి కుప్పంలో ఒక బాడీ మేస్త్రి దగ్గరికి పోయినాము. బెంగుళూరు బస్సుల షెడ్లలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు గదా, ఆయన తెలుగులో మొదలుపెట్టి తమిళంలో తిట్టి కన్నడంలో ముగిస్తాడు. కప్పెక్కి అరగంట చూసి కిందికి దిగి, “ఏం పూయాలని నన్నెందుకు అడగతావు తమ్ముడూ? నీళ్ళు యాడ దిగతాండాయో చెప్పు ముందు” అన్నాడు.

అక్కడనుంచే మాకు చదువు మొదలయిందని చెప్పాలి.

ఆ కప్పు మీద మూడు యుగాలు కనిపించినాయి. అడుగున ఎవరో పోసిన తారు. ఎండకు కరిగి జారి, చలికి గట్టిపడి పగిలి, ఎండిన చెరువడుగు మాదిరి బీటలు. దాని మీద బూడిదరంగు ఎమ్‌సీలు. రాయి మాదిరే ఉంది, రాయి మాదిరే పగిలింది. ఆ పైన సిలికాను. వేలితో పట్టి లాగితే అరటితొక్క వచ్చినట్టు మూరెడు ఊడొచ్చింది. ఈ మూడింటి అడుగున నీళ్ళు నిలిచి చట్రం తుప్పు పట్టింది. కారినప్పుడల్లా పైన ఒక పూత పూసినారే గాని, ఉన్నదాన్ని గీకినవాళ్ళు లేరు.

నీళ్ళు దిగే చోటు కనుక్కోవడానికి ఉపాయం మా అమ్మది. లోపలి ప్లైవుడ్డు విప్పించి, చట్రం మీదా, అతుకుల మీదా పొడి ముగ్గుపిండి రాయమన్నది. బయట ఒకరు గొట్టంతో నీళ్ళు వదలాలి. మొదట కింది వరుస, పది నిమిషాలాగి దాని పైవరుస, చివరికి కప్పు. పైనుంచి మొదలుపెడితే ఎక్కడి నీళ్ళు ఎక్కడికి వచ్చినాయో తెలియదు. లోపల టార్చి పట్టుకొని నేను కూచున్నాను. తడి తగిలినచోట ముగ్గు నల్లబడి గీత కడుతుంది. ఆ గీతను వెనక్కి పట్టుకొని పోతే దొంగ దొరుకుతాడు.

ముగ్గురు దొంగలు దొరికినారు. నడిమధ్య లైటు దగ్గర కారే నీళ్ళు లైటు దగ్గర దిగినవి కావు. నాలుగడుగులు వెనక కారియర్ కాలు బోల్టు పక్కన దిగి, చట్రం కమ్మీ వెంబడి నడిచి వచ్చి, వైరు కోసం వేసిన రంధ్రంలో పడుతున్నాయి. రెండోది రేకు మీద రేకు ఎక్కిన అడ్డతుకు. అక్కడ రివెట్లు వదులై కప్పు కొంచెం కుంగింది. వాన వెలిసినాక కూడా అక్కడ నీళ్ళు నిలిచి ఉంటాయి. మూడోదాన్ని మాత్రం మేమెవరమూ ఊహించలేదు. కిటికీ అద్దాలు జరిగే పట్టాలో పడిన నీళ్ళు బయటికి పోవడానికి అడుగున చిన్నచిన్న తూములుంటాయి. ఎవరో పుణ్యాత్ముడు ఆ తూములన్నిటినీ సిలికానుతో శ్రద్ధగా మూసినాడు. బయటికి దారి లేక నీళ్ళు పట్టా నిండి లోపలికి పొంగుతున్నాయి. అంటే మూసినందువల్ల కారుతున్నది. ఆ మూడోదానికి సీలెంటు అక్కరలేదు, ఒక సూది చాలింది.

కాలేజికి తిరిగొచ్చినాక ఈ కథంతా మా కెమిస్ట్రీ సారుకు చెప్పినాను. ఆయన కాగితం తీసుకొని లెక్క వేసినారు. అల్యూమినియం ఒక మీటరు పొడవుకు, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే, దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది. ఇనుము 12 మైక్రాన్లు. మా ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. జనవరి తెల్లవారుజామున రేకు 15 డిగ్రీలుంటే, మే నెల మిట్టమధ్యాహ్నం అదే రేకు 65 దాకా కాలుతుందనుకుందాము. తేడా 50 డిగ్రీలు. ఆరు మీటర్ల పొడవు మీద రేకు దాదాపు 7 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. దాన్ని పట్టుకున్న ఇనుప చట్రం, అంతే వేడెక్కినా, మూడున్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఈ రెంటి కుస్తీ అంతా అతుకుల దగ్గరే. దానికి తోడు గతుకుల రోడ్ల అదురు. కాబట్టి అతుకులో పెట్టే పదార్థానికి మొదటి పని నీళ్ళను ఆపడం కాదు, కదలికను ఓర్చుకోవడం. ఓర్చుకున్నంత కాలం నీళ్ళు వాటంతటవే ఆగుతాయి.

ఆయన ఇంకొక ఉదాహరణ చెప్పినారు. కోరమండల తీరంలో ఒకప్పుడు మసూలా పడవలని ఉండేవి. రేవు లేని చోట, విరిగిపడే అలల్లోంచి సరుకూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి. వాటి పలకలకు మేకులు కొట్టేవాళ్ళు కాదు, కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవాళ్ళు. బిగించి మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు పగిలే చోట, కుట్టిన పడవ వంగి నిలబడేది. రాయి మాదిరి అయ్యే ఎమ్‌సీలు ఎందుకు పగిలిందో నాకు అప్పుడు అర్థమయింది. అది చెడ్డ సరుకు కాదు. కదలని ట్యాంకుకు, పైపుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాన్ని పెట్టిన చోటే దానిది కాదు.

ఇక రకాల సంగతి. ఇప్పుడు బజారులో దొరికే వాటిని నాకు తెలిసినంతలో చెబుతాను. బండ్లున్న మిత్రులకే గాక, ఇంటి మీద రేకుల వరండా ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది.

సిలికానులో రెండు జాతులున్నాయి. పూసినప్పుడు ముక్కు మండే పులుపు వాసన వచ్చేది ఒకటి. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అద్దానికి మంచిదే గాని, వట్టి ఇనుమునూ జింకు పూతనూ తినేస్తుంది. వాసన అంతగా రాని న్యూట్రల్ జాతి లోహానికి మేలు. రెండూ ఎండను బాగా తట్టుకుంటాయి. కాని వాటి మీద రంగు నిలవదు. అంతకంటే పెద్ద చిక్కు ఏమంటే, ఒకసారి సిలికాను పూసిన చోట దాని జిడ్డు పోకుండా ఇంకేదీ అంటదు. కొత్త సిలికాను కూడా సరిగా అంటదు. పాలీయురెతేను, మేస్త్రులు పి.యు. అనేది, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, సాగుతుంది, రంగు వేయవచ్చు. లారీ ముందద్దాలు అంటించేది ఈ జాతితోనే. దానికి ఎండ పడదు. రంగు వేయకుండా వదిలితే పైపొర సున్నం మాదిరి రాలుతుంది. పూసేటప్పుడు తడి ఉంటే బుడగలొస్తాయి. ఈ రెంటి గుణాలనూ కలిపినట్టు ఉండేది ఎం.ఎస్. పాలిమరు. జపానులో పుట్టింది. లోహాన్ని పట్టుకుంటుంది, ఎండను ఓర్చుకుంటుంది, రంగూ పడుతుంది. ధర ఎక్కువ. చివరిది బ్యూటైలు టేపు. ఇది ఎన్నాళ్ళయినా గట్టిపడదు, జిగురుగానే ఉంటుంది. రెండు లోహాల మధ్య పెట్టి బోల్టు బిగిస్తే నలిగి సందంతా నిండుతుంది. ఎండకు బయటపెట్టేది మాత్రం కాదు.

చదివినదాన్ని నమ్మడం వేరు, చూసి నమ్మడం వేరు. మా అన్నది రెండో పద్ధతి. రేకు ముక్కలూ ఇనుపపట్టీలూ జతలు జతలుగా రివెట్లు కొట్టి, ఒక్కొక్క జతకు ఒక్కొక్కటి పూసి, ఫిబ్రవరి నుంచి మే దాకా మా మిద్దె మీద ఎండలో పెట్టినాడు. సాయంకాలం నీళ్ళు చల్లడం మా జేజి పని. వారానికొకసారి కొంచెం వంచి చూడడం అన్న పని. మార్చి ఆఖరుకు తారు కారి గోడకు మరకయింది. ఎమ్‌సీలు రెండో వారం వంచినప్పుడే వెంట్రుకవాసి చీలింది. పులుపు సిలికాను అద్దం ముక్క మీద నిక్షేపంగా ఉంది గాని, ఇనుపపట్టీ అంచున ఎర్రగా తుప్పు పట్టి లేచింది. పి.యు. పట్టు సడలలేదు, మొహం మాత్రం వెలవెలబోయింది. ఎం.ఎస్. పాలిమరు మొదట ఎట్లుండిందో దాదాపు అట్లనే ఉంది. నాలుగు నెలల పరీక్ష నాలుగేళ్ళ సంగతి చెప్పదు, నిజమే. కాని ఏది పనికిరాదో చెప్పడానికి నాలుగు నెలలు చాలినాయి.

నీళ్ళు చల్లుతూ మా జేజి ఒకనాడు అడిగింది: “ఇన్ని బంకలు పరీచ్చ జేస్తాండారు గదా, చౌడు యాల పెట్టలేదురా?” నవ్వినాము గాని అది నవ్వే మాట కాదు. ఆమె పుట్టిల్లు మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, బోద, మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగిలితే ఆ బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందుల్లో కూరుకుపోతాయి. ఆ పైన నీళ్ళు దిగవు. పైరుకు పనికిరాని మన్ను కప్పును కాపాడింది. “అయితే ఏటేటా వానలకు ముందర పొయ్యాల నాయనా. ఒగసారి పోసినాం గదా అని కూచుంటే మిద్దె ఊరుకోదు” అన్నది జేజి. షాపాయన చెప్పిన “తరాలు పోతాది” అన్న మాటకూ, ఆమె చెప్పిన “ఏటేటా” అన్న మాటకూ తేడా ఎంతో ఆలోచించండి.

జూన్ మొదట్లో, వానలు రాకముందే, పని మొదలుపెట్టినాము. కుప్పం మేస్త్రి చెప్పిన వరస ఇది. ముందు పాతదంతా గీకడం. అదే నాలుగు రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కినాయి. తర్వాత తుప్పు పోయేదాకా రుద్ది, ప్రైమరు. వదులైన రివెట్లు తీసి కొత్తవి. కుంగిన చోట లోపలినుంచి ఒక అడ్డకమ్మీ పెట్టి కప్పును కొంచెం ఎత్తి, నీళ్ళు పక్కలకు జారేటట్టు వాలు చేసినాడు. “వాలు ఇస్తే సగం వాన నీదారి రాదు” అన్నాడు. గూడుబండి చాపకు ఏ సీలెంటు ఉండిందని? అది నీళ్ళను ఆపలేదు, జారవిడిచింది.

కారియర్ కాళ్ళ కిందా, వెంటిలేటర్ చట్రం కిందా బ్యూటైలు టేపు. రేకుల అతుకుల మీద ఎం.ఎస్. పాలిమరు. కిటికీ అద్దాల అంచులకు మాత్రం న్యూట్రల్ సిలికాను. తూములు తెరిచి ఉంచినాము. ఒకే సీలెంటు అన్నిచోట్లా పూస్తే సులువే గాని, ఒక్కొక్క అతుకు బాధ ఒక్కొక్క రకం.

ఖర్చు లెక్క కూడా చెబుతాను, పనికొస్తుంది. డబ్బా మీద 25వ తరగతి అని ఉంటే, ఆ సీలెంటు తానున్న సందు వెడల్పులో నాలుగో వంతు దాకా సాగి నలగగలదని అర్థం. రెండు మిల్లీమీటర్ల సన్నగీత గీస్తే అర మిల్లీమీటరు కదలికకే తెగుతుంది. అందుకని పది మిల్లీమీటర్ల వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల మందం ఉండాలన్నారు సారు. అట్లా పూస్తే 300 మిల్లీలీటర్ల గొట్టం ఆరు మీటర్లు వస్తుంది. మా కప్పుకు రెండు పొడుగు అతుకులు పన్నెండు మీటర్లు, మూడు అడ్డతుకులు ఆరు మీటర్లు. మొత్తం మూడు గొట్టాలు. ఖరీదైనదని భయపడిన సరుకు చివరికి మూడు గొట్టాలు! దాని ముందు గీకుడు కూలి ఎక్కువయింది.

పూసేముందు స్పిరిటుతో తుడిచి, రెండు పక్కలా టేపు అంటించి, పొద్దున పూట నీడలో పూసినాము. ఇవి గాలిలోని తేమ తాగి గట్టిపడేవి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతే ఆరుతాయి. కాబట్టి మూడు రోజులు బండి కదిలించలేదు. ఒక బాడుగ వచ్చి తిరిగిపోయింది. అన్న పళ్ళు కొరికి ఊరుకున్నాడు. చివరన కప్పుకు తెల్లరంగు వేసినాము. తెల్లటి రేకు తక్కువ కాలుతుంది, తక్కువ కాలితే తక్కువ సాగుతుంది. తర్వాత మళ్ళీ ముగ్గుపిండి, మళ్ళీ నీళ్ళగొట్టం. ముగ్గు తెల్లగానే ఉంది. అప్పుడే ప్లైవుడ్డు తిరిగి బిగించినాము.

అయినా గొట్టం నీళ్ళు వేరు, తుపాను వేరు. 2023 డిసెంబరు మొదటివారం మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటేముందు మా వైపు కూడా రెండు రోజులు ముసురు పట్టింది. ఆ ముసురులోనే అన్న యాత్రకు బయలుదేరినాడు. నాకు పరీక్షలు, పోలేకపోయినాను. రాత్రి పదకొండు గంటలకు హాస్టలుకు ఫోను చేసినాడు. “కుప్పం దాటినాము” అన్నాడు. వాన పడుతున్నదా అని అడిగితే, “పడతాండాది. లోపల అందురూ నిద్రపోతాండారు” అన్నాడు. అంతకంటే వివరంగా ఆయన ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ముందటి ఏడు డబ్బు వెనక్కి తీసుకున్న గురుస్వామే ఈసారీ తన గుంపును మా బండిలో తీసుకొని పోయినాడన్నది మాత్రం ఇక్కడ రాయాలి.

ఇప్పుడు మా బండికి రెండు పండగలు అదనంగా వచ్చినాయి. ఉగాదికి ముందొకసారి, దీపావళికి ముందొకసారి అన్న కప్పెక్కుతాడు. ప్రతి అతుకునూ వేలితో నొక్కుకుంటూ పోతాడు. అంచు లేచిన చోట కోసి, తుడిచి, అక్కడికి మాత్రం కొత్తది పూస్తాడు. కిటికీ తూముల్లో సూది పెడతాడు. గంట పని. ఇంటిబండ్లు తయారుచేసే దేశాల్లోనూ, కప్పు అతుకులను ఏడాదికి కనీసం రెండుసార్లు చూసుకోమనే చెబుతారు. ఎంత మంచి గొట్టమైనా మనిషి కప్పెక్కే పనిని తప్పించదు.

మిత్రులెవరైనా ఏ సీలెంటు మంచిదని నన్ను అడిగితే ఎదురు మూడు ప్రశ్నలు వేస్తున్నాను. నీళ్ళు దిగుతున్నది ఎక్కడ? ఆ అతుకు ఎంత కదులుతుంది? దాని అడుగున పాతది ఏముంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే షాపులో గొట్టం ఎంచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. తెలియకపోతే షాపంతా కొనుక్కొచ్చి పూసినా నాలుగో యుగం ఒకటి కప్పు మీద చేరుతుంది, అంతే.

వదిన గాజులు పోయిన వేసవిలో మదనపల్లె నుంచి తిరిగొచ్చినాయి.